బావ కోసం తీసేసిన నాలుగు వరుసలు

అందరూ డప్పు అని పిలిచే కుర్రాడు కాలేజీ మానేసిన కథ అతని నోట వింటే, కాలేజీయే అతన్ని వదులుకోలేక ఏడ్చిందనిపించేది. ఒకసారి చెప్పినప్పుడు ప్రిన్సిపాల్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఇంకోసారి చెప్పినప్పుడు గదిలో పెట్టి తాళం వేశారు, డప్పు కిటికీలోంచి దూకి బయటపడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడో ఆ కిటికీ మూడో అంతస్తుకు ఎక్కింది. నిజానికి లెక్కల్లో వరసగా తప్పి, ఫలితాల కాగితం వైపు చూడకుండా ఇంటికొచ్చేశాడు. ఆ సంగతి అక్కకీ బావకీ తెలుసు. తెలిసీ ప్రతిసారీ కొత్తగా వినేవాళ్ళు. కోతలు కోసేవాడికి కత్తి పదును అక్కర్లేదు, వినేవాళ్ళకి ఓపికుంటే చాలు.

ఇలాంటివాణ్ణి చేరదీసి పని నేర్పింది బావే. టైర్ల షాపు మీదున్న రెండు గదుల్లో బావ ఒక ప్రాసెసర్ డిజైన్ చేస్తున్నాడు. చిప్ తయారయ్యాక తప్పు దొరికితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అందుకే ముందుగా, అచ్చం ఆ ప్రాసెసర్‌లాగే నడుచుకునే ప్రోగ్రాము ఒకటి, సిమ్యులేటర్ అంటారు, సి భాషలో ఇద్దరూ కలిసి రాశారు. లోపలి యంత్రమంతా బావది. వాకిలి మాత్రం డప్పుది. సిమ్యులేటర్‌ని మొదలుపెట్టేటప్పుడు దాని పేరు పక్కన కొన్ని ఆప్షన్లు టైపు చేయాలి. డాష్ ఎల్ అంటే హెచ్చరికలు ఏ ఫైల్లో రాయాలో చెప్పడం, దాని వెనకాల ఫైలు పేరు ఉండాలి. డాష్ ఆర్ అంటే ప్రాసెసర్ వేసే ప్రతి అడుగునూ రికార్డు చెయ్యమనడం. వాటిని చదివి, సరిచూసి లోపలికి పంపేది డప్పు రాసిన భాగం.

"లోపల సినిమా ఆడుతుంటే గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడివిరా నువ్వు," అని బావ ఏడిపించేవాడు.

"చింపేవాడు లేకపోతే హాల్లోకి గేదెలొస్తాయి బావా. నీ పక్క సీట్లోనే కూర్చుంటాయి."

నిజంగానే గట్టి కాపలా పెట్టాడు. డాష్ ఎల్ తర్వాత ఫైలు పేరు బదులు ఇంకో డాష్ కనిపిస్తే సిమ్యులేటర్ అక్కడే ఆగి, "ఫైలు పేరేది?" అని అడిగేది. అందుకు నాలుగు వరుసల కోడు. డప్పు చెప్పే లెక్కన, ఆ నాలుగు వరుసల్ని చూసి పోవడానికి ఓడల్లో వచ్చిన ఇంజినీర్లు కింద టైర్ల మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూసేవారు.

ఇంతలో బావ చూపు అంచుల నుంచి మూసుకుపోవడం మొదలైంది. పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలవదనీ డాక్టరమ్మ చెప్పింది. బావ ఏడవలేదు. "డిజైన్లో ఎక్కడో ఒక తప్పుంది. పెద్ద ప్రోగ్రాము చివరిదాకా నడిపిస్తే గానీ బయటపడదు. ఆ రికార్డు నా కళ్ళతో చదివి నేనే దాన్ని పట్టుకోవాలి. తర్వాత ఏమైనా కానీ," అన్నాడు. నిజం చిప్ రెప్పపాటులో చేసే పనికి సిమ్యులేటర్ పూటలకు పూటలు తీసుకుంటుంది. పెద్ద ప్రోగ్రామంటే వారాల మాట. అందుకే బావ తొందరపడ్డాడు.

చిన్న చిన్న పరీక్షలు నడుపుతుంటే వేళ్ళు తడబడేవి. ఫైలు పేరు కొట్టాననుకుని కొట్టేవాడు కాదు. "ఫైలు పేరేది?" అని స్క్రీను అడిగేది. మళ్ళీ కొడితే మళ్ళీ అదే. ఒక పొద్దున బావ కీబోర్డు పక్కకి తోసేశాడు.

"నాకు కనపడట్లేదని నీ ప్రోగ్రాము కూడా దెప్పాలిట్రా?"

ఆ గొంతులో వేళాకోళం లేదు. బావ భోజనానికి లేచాక డప్పు ఆ నాలుగు వరుసలూ తీసేశాడు. మహా అయితే హెచ్చరికలు ఏదో పిచ్చిపేరున్న ఫైల్లో పడతాయి, అంతేగా అనుకున్నాడు. గొప్పలు చెప్పుకోకుండా అతను చేసిన పని బహుశా అదొక్కటే.

పెద్ద ప్రోగ్రాముని బావే మొదలుపెట్టాడు. డాష్ ఎల్ కొట్టాడు, ఫైలు పేరు మరిచాడు, డాష్ ఆర్ కొట్టాడు. అడ్డుకునేవాడు లేడు గనక, డాష్ ఎల్ తన వెనకొచ్చిన డాష్ ఆర్‌నే ఫైలు పేరనుకుని మింగేసింది. రికార్డు చెయ్యమనే మాట లోపలికి చేరనే లేదు.

వారాలపాటు ఫ్యాను రొద పెట్టింది. మధ్యలో కెలికితే నెమ్మదిస్తుందని బావ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వచ్చీపోతూ పసిపిల్ల నుదురు తడిమినట్టు మెషీను తడిమేవాడు. చివరికి ప్రోగ్రాము పూర్తయింది, ఫలితం తప్పొచ్చింది. అంటే పట్టుకోవాల్సిన తప్పు ఉన్నట్టే. రికార్డు కోసం వెతికారు. లేదు. 'డాష్ ఆర్' అనే పేరుతో ఒక ఫైలు మాత్రం ఉంది.

బావ ముక్కు స్క్రీనుకి ఆనించి చాలాసేపు చూశాడు. "పేరు కొట్టలేదు నేను. నా కళ్ళే నన్ను ముంచాయి."

"నీ తప్పు కాదు బావా. నువ్వు మర్చిపోయినా నా ప్రోగ్రాము ఆపాలి. ఆపే వరుసలు నేనే తీసేశాను."

బావ నవ్వాడు. "ఇన్నాళ్ళూ నీ గొప్ప కోసం కోతలు కోశావు. ఇవాళ నాకోసం కోస్తున్నావు."

"ఒట్టు."

"కిటికీలోంచి దూకిన కథకీ ఒట్టే పెట్టావు."

"పోనీ కోడు చూడు!"

బావకి అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. "నువ్వే చదువు," అన్నాడు. డప్పు పాతదీ కొత్తదీ చదివి వినిపించాడు. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. "బాగా అల్లావురా. సి భాషలో ఇంత తడుముకోకుండా అబద్ధమాడేవాడు ఇంకోడు పుట్టడు," అని భుజం తట్టాడు.

అక్క దగ్గర మొరపెట్టుకుంటే, "నేను నమ్ముతాన్రా. నా నమ్మకం ఆయనకి అరువివ్వలేను కదా," అంది.

డప్పు వరుసలు మళ్ళీ పెట్టి, ఈసారి కమాండు తనే టైపు చేశాడు. అది పూర్తయ్యేసరికి బావకి దీపం వెలిగిందో ఆరిందో తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. రికార్డు మాత్రం నిండుగా వచ్చింది. డప్పు అందులో బావ అనుమానించిన భాగాన్ని ముందే ఒకసారి మొత్తం చూసుకుని, బావ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి బావ చెయ్యెత్తాడు.

"అక్కడ సున్నాయే ఉందా?"

"సున్నాయే బావా."

"సున్నా అయితే అక్కడిదాకా నా లెక్క సరైనట్టు. నన్ను సంతోషపెట్టడానికి కాదుగా?"

"కాదు."

రికార్డులో ఇంకో నాలుగడుగులు పోయాక మళ్ళీ అదే ప్రశ్న. చివరికి బావ, "ఏమనుకోకురా. ఏ అంకె వస్తే నేను సంతోషిస్తానో నీకు తెలుసు. మీ అక్కకి తెలీదు. దాన్ని పిలువు," అన్నాడు.

అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి కళ్ళజోడు పెట్టుకుంది. డప్పు లేచి కుర్చీ ఇచ్చి, బయట మెట్ల మీద కూర్చున్నాడు. కింద ఎవరో టైరుని సుత్తితో కొడుతున్నారు. లోపల అక్క అక్షరాలు నేర్చుకునే పిల్లలా ఒక్కో అంకే కూడబలుక్కుంటోంది. ఒకచోట డప్పు చెవి నిక్కబొడుచుకుంది. గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"అక్కా, ఒక వరుస వదిలేశావు."

"వదిలేశావా?" బావ అడిగాడు, డప్పుని కాదు, అక్కని.

ఆమె వేలు పెట్టి చూసుకుంది. "అవునండీ. వదిలేశాను."

బావ మొహం గుమ్మం వైపు తిప్పాడు, మనిషి ఉన్నచోటికి కాస్త పక్కగా. "ఒరేయ్. ఆ రోజు చెప్పిన వరుసలు... నిజంగానే తీసేశావా?"

"తీసేశాను బావా."

"ఎందుకు?"

"నిన్ను దెప్పుతున్నాయని."

బావ చేతులు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా తలూపాడు. అక్క ఇద్దరి వంకా చూసింది.

"ఆ వదిలేసింది చదువు," అన్నాడు బావ ఆమెతో.

ఆమె చదివింది.