నారాయణ చేతిలోని పొగ అట్ట

మంగళవారం పొద్దున మా చెల్లెలు లక్ష్మి ఫోన్ చేసి, "అన్నా, ఈయన లెగడంలే" అంది. మరోసారి చెప్పమన్నాను. చెప్పింది. మా ఊరు అవోకా చుట్టుపక్కల బండ్ల పొగ తనిఖీ అధికారిగా అందరికీ తెలిసిన ఆమె భర్త నారాయణ నిద్రలోనే పరమపదించాడు. ఫోన్ పెట్టేసి టీ తాగాను. అది చల్లారిపోయిందని ఆఖరి గుక్క దాకా తెలియలేదు.

ఇలాంటి సంస్మరణ వ్యాసంలో పోయినవారి సుగుణాలు కీర్తించాలి. నాకు అతనితో ఉన్న తగవు ఇంకా తీరలేదు. అందుకని తగవే రాస్తాను. అతని గుణం అందులోనే ఉంది.

ఇరవై ఏళ్లు నారాయణ తెల్ల అధికారుల వెనక పనిముట్ల పెట్టె మోశాడు. తెల్లవాళ్ల పాలన పోయి మనందరం మొదటిసారి ఓటు వేసిన మరుసటి ఏడాది ఆ ఉద్యోగం అతనికే ఇచ్చారు. దానితోపాటు ఒక అట్ట. దాని మీద లేత బూడిద నుంచి కారునలుపు దాకా అయిదు రంగులు. చేయి చాచి ఆ అట్టను డీజిల్ బండి పొగ పక్కన పట్టి, హద్దు దాటితే బండిని ఆపెయ్యాలి. పాత బస్సులున్న మేమంతా మనవాడే కదా అని నిశ్చింతగా ఉన్నాం.

అతను మొట్టమొదట ఆపింది నా బస్సునే. బడి పక్కన ఎత్తురోడ్డు మీద, పెళ్లివారితో వెళ్తుండగా.

"దిగు బావా. నాలుగో రంగు."

"పెళ్లివారున్నారు నారాయణా."

"ఆళ్లు కూడా దిగాల."

"ఫ్యాక్టరీ గొట్టాలు నీకు కనపడవా? నా బస్సే దొరికిందా?"

"ఆటికి పట్టే అట్ట నాకియ్యలే బావా. ఇచ్చిన రోజు ఆడికీ పోతా. ఈడ బడిపిల్లలు కిటికీలు మూసుకొని కూకుంటన్నారు."

బస్సులోంచి మా పెద్దమ్మ, "లక్ష్మీ, నీ మొగుడికి ఇయ్యాల కూడు పెట్టమాకే" అని కేకేసింది.

"పెడతా పెద్దమ్మా. ఉప్పెయ్యను" అంటూ లక్ష్మి పట్టుచీర ఎత్తిపట్టుకుని అందరికంటే ముందు దిగింది.

నేను అతని పైఅధికారులకు మూడు ఫిర్యాదులు రాశాను. ఆ తర్వాత ఒక భోజనాల దగ్గర నారాయణ నా పక్కన కూర్చుని, "మూడో ఉత్తరంలో తేదీ ఎయ్యలేదు బావా. తేదీ లేకపోతే ఆళ్లు చూడరు. నేనేసి పైకి పంపా" అన్నాడు. అంత అవమానం నాకు ఎవరూ చెయ్యలేదు.

పొగ తగ్గాలంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్చమని మెకానిక్ చెప్పాడు. నేను బస్సుకి రంగు వేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి మళ్లీ తనిఖీకి నిలబెట్టాను. నారాయణ చెప్పులు విప్పి, కర్పూరం ఆరేదాకా చేతులు జోడించి నిలుచున్నాడు. "ఆ పొగ లెక్కలోకి రాదు బావా. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కు." మళ్లీ నాలుగో రంగే. ఇంజెక్టర్లు మార్చడమంటే అతనిదే న్యాయమని ఒప్పుకోవడం. బస్సును పెరట్లో పెట్టేశాను. రెండేళ్లు అతనితో మాట్లాడలేదు.

దహనానికి వచ్చిన జనానికి కార్లు చాలలేదు. పెరట్లోని నా బస్సే తీశాను. ఎత్తురోడ్డు మీద అతని దగ్గర పని నేర్చుకున్న తెంబి అనే జూలూ అమ్మాయి అట్ట పట్టుకుని నిలుచుంది. నా పొగ చూసింది. ముందు వెళ్తున్న శవవాహనాన్ని చూసింది. అట్ట దించి, తల వంచింది.

నారాయణ దించేవాడు కాదు. నా బస్సుకి ఎదురు నిలబడే మనిషి ఇక లేడు. అద్దంలో బడి కిటికీలు ఒకటొకటిగా మూసుకుంటున్నాయి.

బస్సు పక్కకు తీసి ఇంజిన్ ఆపాను. శ్మశానం ఇంకా రెండు కిలోమీటర్లు.

"అందరూ దిగాల" అన్నాను.

లక్ష్మి ముందు దిగింది.