వెలగని బల్బుకు సాక్ష్యం

ఒకే ఒక్క మాటతో కన్నకూతురి చదువును గంగలో కలపబోయిన ఘనురాలిని నేను. ఆ గంగ చివరికి పక్కింటి యాదమ్మక్క వాకిట్లో పారింది. తొందరపడకండి, అక్కడికే వస్తున్నాను.

అప్పుడు మేం నాచారంలో, ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఉండేవాళ్లం. మా ఆయన పొద్దున్నే డ్యూటీకి పోయేవాడు. మా స్వప్న ఘట్‌కేసర్ అవతల ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ఎక్కడో కూర్చుని ఫోన్లో నొక్కితే ఇంట్లో బల్బు వెలగాలి, ఫ్యాను తిరగాలి, నీళ్ల మోటారు నడవాలి. అదీ దాని ప్రాజెక్టు. క్లాసులో కొందరు తయారైనవే కొనుక్కొచ్చారట. ఇది మాత్రం చలికాలమంతా వంటగట్టు మీద వైర్లు పరుచుకుని టంకం పెట్టింది. మా ఇంట్లో తాలింపు వాసన కంటే ఆ కాలిన వాసనే ఎక్కువ.

గోడకు ఒక పెట్టె బిగించి, దాని మీద లైటు, ఫ్యాను, మోటారు అని తెలుగులో ఇంతింత అక్షరాలతో రాసి అంటించింది. ఎవరి కోసమనుకున్నారు? నా కోసమే. నెత్తి నెరిశాక నేను అక్షరాలు దిద్దింది దాని దగ్గరే కదా. వచ్చిన చుట్టాలందరికీ ఆ మూడు మాటలూ పురాణంలా చదివి వినిపించేదాన్ని.

ఇక రౌటర్. సబ్బుబిళ్లంత తెల్ల డబ్బీ. లోపల సిమ్ము, బ్యాటరీ. ఫోన్లో నొక్కిన సంగతి ముందు దానికి అందుతుంది, అది గోడ పెట్టెకు చెబుతుంది. స్నేహితురాలిని అడిగి తెచ్చి, సిగ్నల్ బాగా అందుతుందని వీధి కిటికీలో పెట్టింది.

పరీక్ష రోజు పొద్దున బస్సుకు పోతూ నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"అమ్మా, నేను కొనుక్కొచ్చిన్నని సారుకు అనుమానం. ఇంటికి ఫోన్ జేసి నిన్నడుగుతడు. బల్బు ఎలిగిందా లేదా చెప్పాలె. గంతే."

"గంతేనా? నీ కోసం అబద్ధమన్నా చెప్త బిడ్డా!"

"అబద్ధం వద్దే తల్లీ! ఉన్నదున్నట్టు చెప్పు చాలు."

అది వెళ్లాక పాలకు బయల్దేరాను. కిటికీలో రౌటర్ తళతళలాడుతోంది. మొన్ననే మా గల్లీలో ఎవడో కిటికీలోంచి చెయ్యి పెట్టి సెల్‌ఫోన్ ఎత్తుకుపోయాడు. పరాయివాళ్ల వస్తువు, పోతే ఎట్లా? అందుకని మా అమ్మ పుస్తెలతాడు దాచిన చోటే, నేను కమ్మలు దాచే చోటే దాన్నీ దాచాను. బియ్యం డబ్బాలో, అడుగున. మీరేమన్నా అనండి, వైరే లేనిదానికి కిటికీ అయితేనేం, స్టీలు డబ్బా అయితేనేం? నా తెలివికి నేనే మురిసిపోయాను.

పాలు కాగుతుండగా ఫోన్ మోగింది.

"నమస్తే అమ్మా, స్వప్న వాళ్ల సారును. మీ ఇంట్లో బల్బు..."

పూర్తి చేయనిస్తే కదా! "ఎలిగింది సార్! ఇల్లంత పట్టపగలు లెక్క ఎలిగింది!"

"అమ్మా, ఇప్పుడు పట్టపగలే. మీ అమ్మాయి ఇంకా నొక్కలేదు."

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నొక్కిందీ లేదు వెలిగిందీ లేదు, సాక్షి మాత్రం సిద్ధం. వెనక పిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వుల్లో "అమ్మా..." అని స్వప్న గొంతు సన్నగా వినిపించింది.

"ఇప్పుడు నొక్కుతోంది. వెలిగిందా?"

నేను బల్బును చూశాను. అది నన్ను గుడ్డిగా చూసింది.

"లేదు సార్."

"ఫ్యాను?"

"లేదు."

"మోటారు?"

"సప్పుడు లేదు సార్."

"కొన్నవి దుకాణంలోనే పనిచేస్తాయమ్మా," అన్నాడాయన నిట్టూర్చి.

"కొనలేదు సార్! నా వంటగట్టు ఎంత కాలిందో వచ్చి సూడుండ్రి!"

స్వప్న ఫోన్ అందుకుంది. "అమ్మా, కిటికీల రౌటర్ ఎలుగుతున్నదా?"

"కిటికీల ఎందుకుంటది? భద్రంగ దాచిన."

"యాడ?"

"బియ్యం డబ్బల."

"స్టీలు డబ్బలనా! మూత పెట్టినవా?"

"మూత పెట్టకుంటే పురుగు పట్టదా?"

క్లాసంతా ఘొల్లుమంది. ఫోన్ స్పీకర్లో ఉందని నాకెవరు చెప్పారు?

"సిగ్నల్ యాడికెల్లి పోతదే? జల్దీ తియ్యి!"

మోచేతి దాకా బియ్యంలో ముంచి, దాన్ని పైకి తీసి, హారతి పట్టినట్టు కిటికీలో పట్టుకున్నాను. కాసేపటికి దాని లైట్లు మిణుకుమన్నాయి. అంతే! అప్పటిదాకా గడప బయట నిలబడ్డ చుట్టాల్లా, నొక్కినవన్నీ ఒక్కసారే లోపలికి దూరాయి. బల్బు వెలిగింది. ఫ్యాను తిరిగి నా చేతి బియ్యప్పిండిని నా మొహానికే కొట్టింది. పొద్దున్నే నింపిన ట్యాంకులోకి మోటారు మళ్లీ గుర్రుమంది.

"ఎలిగింది సార్! తిరుగుతంది! నడుస్తంది!"

"ఇందాక కూడా ఇట్లాగే చెప్పారు కదమ్మా. ఎట్లా నమ్మమంటారు?"

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను దీపం వెలగకముందే చక్కబెట్టాను.

అప్పుడే గోడ అవతల పిడుగు పడింది.

"ఓ లచ్చమ్మా! నీ మోటారుకు మన్నువడ! ట్యాంకు నిండి పొర్లుతుంటే కండ్లు కనవడ్తలేవా? నా మిరపకాయలన్ని కొట్టుకపోతున్నయ్! బంద్ జెయ్యే!"

"ఎవరమ్మా అది?" అన్నాడు సారు.

"పక్కింటి యాదమ్మక్క సార్."

"మీ మనిషేనా?"

"మా మనిషా! దీపావళి సంది మాకు మాటల్లేవు సార్!"

"అయితే ఆ సాక్ష్యం చాలు. స్వప్నా, మోటారు ఆపమ్మా."

అక్కడ నా బిడ్డ నొక్కింది. ఇక్కడ మోటారు ఆగిపోయింది. ఆగిందని నేను చెప్పలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ నిశ్శబ్దం వాళ్లకు వినపడేలా ఫోన్‌ను మోటారు వైపు పట్టుకుని నిలబడ్డాను. కళ్లలో నీళ్లు ఫ్యాను పిండి వల్లేనని మీరనుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

యాదమ్మక్కకు మిరపకాయలు మళ్లీ ఎండబోసి ఇచ్చాను. తిట్లతోనైనా మాటలు కలిశాయి.

స్వప్న ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. అది నోరు తెరవకముందే నేను "తిన్న" అంటాను. అది "ఇంకా నొక్కలేదమ్మా!" అని నవ్వుతుంది.

అందుకే ఈ బియ్యం డబ్బా మూత మీద చెయ్యి వేసి, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇక నా కంఠంలో ప్రాణముండగా, అడగకముందు జవాబు చెప్పకుందును గాక...

ఉండండి, ఫోన్ మోగుతోంది.

"ఆఁ, తిన్న బిడ్డా!"