ఎవరి మినుము మాస్టారూ?

మొన్న బుధవారం సాయంత్రం మా మేస్త్రీ గారు పోయారు. పర్చూరు నుంచి మా ఊరికొచ్చే రోడ్డు మీద, ఎండబెట్టిన మినప కట్టె మీద మోపెడ్ జారింది. తల వెళ్లి రాయికి కొట్టుకుంది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

కార్లు బాగుచేసే ఆయన్ని మెకానిక్ అంటే పలికేవారు కాదు, మేస్త్రీ అనాలి. ఈ చుట్టుపక్కల కారున్న ప్రతివాడూ ఆయన రేకుల షెడ్డు ముందు ఎప్పుడో ఒకప్పుడు మొహం వేలాడేసుకుని నిలబడ్డవాడే. ఇప్పుడు వాళ్లంతా "ఎంత మంచి మనిషండీ" అంటున్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ అనేవాళ్లలో అందరికంటే గట్టిగా అన్నవాణ్ని నేనే.

మా వైపు మినుము నూర్చడానికి కల్లం ఎవడూ చేసుకోవడం లేదు. తారురోడ్డే కల్లం. పీకిన చెట్లు సగం రోడ్డుకి పరిచి, అటూ ఇటూ రాళ్లు పెడతాం. బస్సులూ లారీలూ తొక్కిపోతాయి, మేం గింజలు ఊడ్చుకుంటాం. బళ్లు సరిపడా రాకపోతే సొంత కారు తీసి దాని మీదే ముందుకీ వెనక్కీ తిప్పుతాం. నేను బడిపంతుల్ని. రోడ్డు మీద ఎలా నడవాలో పిల్లలకి పాఠం చెప్పే నోటితోనే ఇంటికొచ్చి, "ఆ రాళ్లు ఇంకొంచెం ఇవతలికి జరపండిరా" అని కేకలేసేవాణ్ని. థూ.

పోయినేడు ఎండలు ముదిరేసరికి నా కారుకి ఓ జబ్బు పట్టుకుంది. ఏసీ లేకపోతే గుర్రంలా పోయేది. ఏసీ వేసి యాక్సిలరేటర్ తొక్కితే మూలిగేదే తప్ప కదిలేది కాదు. ఓసారి అద్దంకి దారిలో మిరపకాయల లారీని దాటబోతుంటే మధ్యలో చతికిలబడింది. ఎదురుగా బస్సు. మా ఆవిడ అరిచిన అరుపుకి కంగారులో ఏసీ ఆపేశాను, బండి ఒక్క దూకు దూకి బయటపడింది. టౌన్లోని పెద్ద వర్క్‌షాపు వాళ్లని అడిగితే కంప్రెసర్ మార్చాలన్నారు. మినుము తొక్కించిన సంగతి వాళ్లకి నేను చెబితేగా!

చివరికి మేస్త్రీ గారి దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన ముందు బానెట్ ఎత్తేవారు కాదు. పక్క సీట్లో కూర్చుని, డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, "పోనివ్వండి మాస్టారూ" అనేవారు. ఆ రోజూ అంతే, కాలవ వంతెన ఎక్కేదాకా ఏసీ వేయించారు, తీయించారు, మళ్లీ వేయించారు. డాక్టరు నాడి చూసినట్టు కళ్లు మూసుకుని ఉన్నారు. దిగాక నవ్వారు.

"ఊపిరాడక కొట్టుకుంటా ఉంటే గుండె మారుస్తామన్నారా? భలేవాళ్లే! బండి ముందున్న ఏసీ జల్లెడకి గాలి తగలాలండీ. తగలకపోతే ఆ ఏసీ ఇంజన్ బలమంతా లాగేసుకుంటది. ఇంక చక్రాలకేం మిగులుద్ది?"

పాత పళ్ల బ్రష్షు తీసుకుని కింద కూర్చున్నారు. అది ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది, పెన్నులాగా. గంటసేపు ఓపిగ్గా గీకి, నీళ్లు కొట్టి, వచ్చిందంతా పేపరు మీద పోశారు. మినప కాయల తొక్కలు, నూగు, కాస్త పత్తి పీచు. గాలి ఫిల్టరు తీస్తే అందులోనూ అదే.

"ఎవరి మినుము మాస్టారూ?"

"ఎవరిదోనండీ. దారిలో తొక్కి ఉంటాను."

ఆయన నా మొహం చూశారు. "దారినపోయే బండికి ఇంత పట్టదండీ. పదే పదే తిప్పితేనే ఇంత లోపలికి పోద్ది." సాసర్లో టీ పోసుకుంటూ, "కారుకి నాలుగు చక్రాలు, తట్టుకుంటది. రెండు చక్రాలోడి గతేంటో చూడండి," అన్నారు. "వచ్చే ఏడు కల్లం చేయిస్తాలెండి" అన్నాను. ఏ మినుమూ నాది కాదన్నవాణ్ని, కల్లం ఎవరికి చేయిస్తానన్నానో! ఆయన మాత్రం, "మంచిది మాస్టారూ" అన్నారు, నిజమనుకుని.

ఈ ఏడూ రోడ్డు మీదే పరిచాను. కారూ తిప్పాను. కారు మళ్లీ మూలగడం మొదలెట్టింది. షెడ్డుకి వెళ్లడానికి మొహం చెల్లక ఫోన్ చేశాను.

"మళ్లీ తొక్కించారా?"

"అబ్బే, లేదండీ."

"సరే, ఎండ తగ్గాక నేనే వస్తా. ఫిల్టరు తెస్తా. మీరు బండి కదపబాకండి."

ఆయన రావడం ఆలస్యమైందని నేను వీధి అరుగు మీద కూర్చుని విసుక్కుంటున్నాను. అప్పుడు మినుము దగ్గర కాపలా ఉన్న కూలీ ఫోన్ చేశాడు. "మాస్టారూ, మేస్త్రీ గారు మన మినుము మీద జారిపడ్డారండీ. లేవట్లేదండీ."

దానికి నా నోట వచ్చిన మొదటి మాట రాస్తున్నాను. "ముందు మినుము ఎత్తేయండి." అంబులెన్స్‌కి చెప్పారా అని అడగలేదు. ఊపిరి ఉందా అని అడగలేదు. అంబులెన్స్ వచ్చేసరికి రోడ్డు అద్దంలా ఉంది. పోలీసులొచ్చి మా ఊళ్లో ఎవర్నడిగినా "ఎవరిదో తెలీదండీ" అన్నారు. తెలియక కాదు. ఎవడి మినుము వాడికి రోడ్డు మీదే ఉంది.

మసీదు నుంచి శ్మశానం దాకా ఆయన జనాజా వెంట నడిచాను. అందరితోపాటు మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. మినుము తొక్కించిన ఆ చేతులతోనే.

నిన్న ఆయన కూతురు మా ఇంటికొచ్చింది. మా బళ్లోనే చదువుకుంది. మోపెడ్ సంచిలో దొరికిందని, పేపర్లో చుట్టిన పొట్లం నా చేతికిచ్చింది. పైన ఆయన అక్షరాల్లో 'మాస్టారి కారు' అని ఉంది.

"ఆ మినుము ఎవరిదో తెలిసిందా సార్?"

"కనుక్కుంటున్నారమ్మా," అన్నాను.

తండ్రి రెండుసార్లు అడిగారు, కూతురు అడిగింది మూడోసారి. మూడుసార్లూ అబద్ధమే చెప్పాను. ఆ అమ్మాయి "సరే సార్" అని తల వంచుకుని వెళ్లిపోయింది.

అమ్మా, అది నాది. రేపు మీ గుమ్మంలోకి వచ్చి ఇదే మాట చెబుతాను. స్టేషన్లోనూ చెబుతాను. ఈలోపు మనసు మారుతుందేమోనని నామీద నాకే నమ్మకం లేక, నలుగురూ చదివేలా ఇక్కడ రాసేశాను.

పొట్లం ఇప్పుడే విప్పాను. తెల్లటి కొత్త ఫిల్టరు, దాని మడతల మధ్య ఆ పాత పళ్ల బ్రష్షు. కడిగి, ఆరబెట్టి, నా కారు కోసం పెట్టుకున్నారు. ఎదురుగా వసారాలో మినుము బస్తాలు మూతి కుట్టి ఉన్నాయి.