తోక అచ్చు

వన్ టౌన్‌లో బట్టల షాపాయన పెడన కలంకారీ తాను విప్పగానే కరక్కాయ వాసన గుప్పుమంది. రంగు పోదు కదా అని అడగబోయినదాన్ని ఆగిపోయాను. అది నాకు ఎస్తేరు మేడం వాసన. ఆవిడ ఏడాది పొడవునా ఆ చీరలే కట్టేవారు.

పదేళ్ల కిందట ఈ వీధిలోనే, ఒక గోడౌను పై అంతస్తులో మా డేటా ఎంట్రీ ఆఫీసు ఉండేది. ఉద్యోగం పర్మనెంటు అవుతుందో లేదోనని నేను ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని ఉన్న రోజులవి. మేం కొట్టింది సరిచూసి ఎస్తేరు మేడం సంతకం పెట్టేవారు. ఒకసారి విదేశాల నుంచి పాత ఓడల రోజువారీ పుస్తకాల ఫొటోలు వచ్చాయి. తిమింగలాల వేటకు వెళ్ళిన ఓడలవి. గాలి ఎటు వీచింది, ఏం కనిపించింది, ఏం చిక్కింది, అన్నీ చేతిరాతలో. వేట జరిగిన రోజున అంచులో ఒక ముద్ర ఉండేది. కొన్నిచోట్ల మొత్తం తిమింగలం, కొన్నిచోట్ల తోక మాత్రమే. ఆ తేడాతో నాకేం పని? ముద్ర కనపడితే చాలు, 'చిక్కింది' అని కొట్టేసేదాన్ని. అలాగే మూడు ఓడలు పూర్తిచేసి పంపించాం. అందరికంటే ముందున్నానని మేనేజరు గారు మెచ్చుకుని, వారంలో పర్మనెంటు కాగితం ఇస్తానన్నారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాలుగో ఓడ సరిచూస్తూ మేడం స్క్రీను మీద వేలు పెట్టారు.

"ఈ తోకేంటమ్మాయ్?"

"ముద్ర సగమే పడిందేమోనండి."

"సగం పడితే అంచు మసగ్గా ఉంటది. ఇది చూడు, ఎంత శుభ్రంగా ఉందో. ఇది వేరే అచ్చు. మా నాన్న పెడనలో అచ్చులు చెక్కేవాడు. ఒక్కోదానికి కళ్ళు పోయేలా కూర్చునేవాడు. పని లేకుండా రెండో అచ్చు ఎవడూ చెక్కడు."

పక్కనున్న గజిబిజి రాతను ఇద్దరం కూడబలుక్కుని చదివాం. పడవ చేరేలోపే తిమింగలం మునిగి వెళ్ళిపోయిందట. ఇంకో తోక దగ్గర, తాడు తెగిందట. తోక అంటే తప్పించుకున్నదని అర్థం. అప్పట్లో ఎన్నింటిని చంపారో తెలుసుకోవడానికే ఆ విదేశాలవాళ్ళు ఇదంతా చేయిస్తున్నారు. నేనేమో బతికిపోయినవాటిని కూడా చంపిపెట్టాను.

"పంపేశాం కదండీ, ఇప్పుడెవరు చూస్తారు?" అన్నాను.

"మనం చూశాం కదమ్మా."

నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళారు. "తప్పు కొట్టింది ఈ అమ్మాయండి. చూడకుండా సంతకం పెట్టింది నేను. వాళ్ళకి ఇవాళే రాయండి" అన్నారు. ఆయన ముఖం మాడ్చుకుని రాశారు. నా పర్మనెంటు ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో! రెండు రోజులు ముఖం కూడా చూడలేదు. ఆవిడ పట్టించుకోలేదు. కుర్చీ నా పక్కకు లాక్కుని, మూడు ఓడలూ మొదటి పేజీ నుంచి నాతోపాటు చూశారు. ఒక్కో తోక దగ్గర నేను 'చిక్కింది' తీసేసి 'తప్పించుకుంది' అని కొట్టినప్పుడల్లా, "పో తల్లీ, పో" అనేవారు. మూడో రోజుకు నేనూ అనడం మొదలుపెట్టాను.

మేడం ఇప్పుడు లేరు. ఇంకో ఆఫీసులో, సరిచూసి సంతకం పెట్టే కుర్చీలో నేనున్నాను. ఈ మధ్యాహ్నం వృద్ధుల పింఛను జాబితా పంపేశాక తప్పు కంటపడింది. చనిపోయినావిడ పేరుకు బదులు, కింది వరుసలోని బతికున్నావిడ పేరు తీసేశాం. ఇంకెవరూ గమనించలేదు. రేపు చూద్దాంలే అనుకుని బజారుకొచ్చాను.

తాను మడిచెయ్యమని షాపాయనకు చెప్పి, ఆఫీసుకే ఆటో మాట్లాడుకున్నాను. ఆటో కదిలాక, ఎన్నడూ చూడని ఆ ముసలావిడతో పైకే అన్నాను: "ఉండు తల్లీ, ఉండు."