నెట్ సెంటర్‌కే తెరుచుకున్న గోదాం

“వాగు రోడ్డు మీదికొచ్చిందే. గిప్పుడు యాడికి పోతవ్?”

“ములకలపల్లి పోవాలె నానమ్మా. నెట్ సెంటర్ బంద్ కాకముందే పోవాలె.”

“నువ్వు కొట్టుకపోతే నీ కంపెనీ వచ్చి తీస్తదా?”

“పోకపోతే నా నౌకరీ పోతది. పక్కకు జరుగు!”

నేను గడపలో నుంచి జరగలేదు. నా మనవరాలు బ్యాగు భుజాన వేసుకుని, చెప్పులు చేత పట్టుకుని ఎదురుగా నిలబడింది. నాతో అంత గొంతు పెంచి ఎన్నడూ మాట్లాడలేదు.

“నౌకరీ ఎట్ల పోతదో చెప్పు. చెప్పినంక చూద్దాం,” అన్నాను.

చెప్పింది. ఆమె హైదరాబాదులోని ఒక మందుల కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. దుకాణాలలో, దవాఖానాలలో అమ్మిన మందుల లెక్కలను రోజూ మోసుకుపోయే సాఫ్ట్‌వేర్‌ను పైప్‌లైన్ అంటారట. ఆ లెక్కలు చేరే చోటు డేటా వేర్‌హౌస్. ఎక్కడో దూరాన కంప్యూటర్లలో ఉన్న గోదాం అనుకోమంది. రెంటినీ కలిపే పని ఈమెకు అప్పగించారు. మా ఇంట్లో సిగ్నల్ నిలవదు కాబట్టి పగలంతా నెట్ సెంటర్‌లో కూర్చుని కలిపి వచ్చింది.

ప్రతి ఇంటర్నెట్ కనెక్షన్‌కూ ఒక అడ్రస్ ఉంటుందట. గోదాంలోకి ఎవరిని రానివ్వాలో ఆ అడ్రస్ చూసి చెప్పవచ్చట. ఈమె పైప్‌లైన్ అడ్రస్ రాసింది, తాను కూర్చున్న నెట్ సెంటర్ అడ్రస్ రాసింది, ఇంకెవరూ రాకుండా తాళం పెట్టింది. ఆఫీసు అడ్రస్ మరిచిపోయింది. ఇంటికొచ్చి ఫోన్‌లో చూసుకుంటే గోదాం ఆమెనే రానివ్వలేదు.

“తెల్లారి ఆఫీసోళ్లు ఆ లెక్కలు చూసినంకనే దవాఖానాలకు మందులు పంపుతరు. ఒక్కరికీ తెరుచుకోదు,” అంది. కళ్లలో నీళ్లు లేవు, భయమే ఉంది.

“మీ పెద్దసారుకు చెప్పినవా?”

“చెప్తే ఇయ్యాల్నే తీసేస్తడు. ఎవరికీ తెల్వకముందే సరిచేస్త.”

“రేపు తెలిస్తే దాచినవని తీసేస్తడు. ఫోన్ చెయ్యి.”

“రెండో తరగతి చదివినదానివి, కంపెనీల సంగతి నీకేం తెల్సు?”

“రెండో తరగతే. వాగు సంగతి తెల్సు. ఫోన్ చెయ్యి.”

చివరికి బ్యాగు దించి, సిగ్నల్ కోసం పెరట్లో బండ ఎక్కి ఫోన్ చేసింది. పెద్దసారు గొంతు నాకూ వినిపించింది.

“ఎంత పని చేశావమ్మా!” అన్నాడు. “వేర్‌హౌస్ వాళ్లకు ఇప్పుడే రాస్తాను. ఎప్పుడు పలుకుతారో తెలియదు. ఆ నెట్ సెంటర్‌లో రౌటర్, అదే నెట్ ఇచ్చే డబ్బా, ఆపితే అడ్రస్ మారిపోవచ్చు, అప్పుడు లోపలికి వెళ్లి సరిచేయడానికి మనకు ఆ దారీ ఉండదు. రాత్రంతా నడవనివ్వమను.”

నెట్ సెంటర్ అతనికి కలిపించి ఫోన్ నేనే తీసుకున్నాను.

“షటర్ దించుతున్న పెద్దమ్మా, రేపు మాట్లాడదాం.”

“మెయిన్ స్విచ్ బంద్ చేసినవా?”

“ఇగ చేస్త.”

“చెయ్యకు! నెట్ డబ్బా రాత్రంత నడవనియ్యి.”

“నువ్వేనా గీ మాట అనేది? మొన్న ఒక్క జిరాక్స్‌కు రెండు ఫ్యాన్లేందని నన్ను తిట్టిపోతివి గద!”

“నవ్వులాట కాదురా. పిల్ల నౌకరీ.”

అటు నవ్వు ఆగింది. “గట్లనా? సరే, డబ్బా ఉంచుత. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు ఆగుతదో మాత్రం చెప్పలేను.”

అన్నం వడ్డిస్తుంటే మా ఊళ్లో కరెంటు పోయింది. అక్కడా పోయిందో లేదో తెలియదు. ఆమె కంచం ముట్టలేదు. నేను గడపకు అడ్డంగా చాప వేసుకున్నాను.

తెల్లవారేసరికి వాగు పాదాలు మునిగేంత లోతుకు తగ్గింది. చెయ్యి పట్టుకుని దాటి, ఆటోలో ములకలపల్లి చేరాం. నెట్ సెంటర్ అతను షటర్ ఎత్తి కూర్చున్నాడు. డబ్బా వెలుగుతోంది. ఆమె లోపలికి పోయి కంప్యూటర్ తెరిచింది. గోదాం తెరుచుకుంది. ఆఫీసు అడ్రస్ రాసి సారుకు ఫోన్ చేసింది. ఆయన చూసుకుని, వేర్‌హౌస్ వాళ్లు ఇంకా పలకలేదు గాని లెక్కలు కనిపిస్తున్నాయన్నాడు. ఇంకెవరూ ఈ తప్పు చేయకుండా, సోమవారం ఆఫీసుకు వచ్చి జరిగినదంతా అందరి ముందు చెప్పమన్నాడు. వస్తానంది.