కుర్చీలు సర్దినందుకు సన్మానం

అమెరికాలో, ప్లేనోలో మా తెలుగువాళ్ళ వార్షికోత్సవానికి సన్మానపత్రం చదివే పని నా నెత్తిన పడింది మొదలు నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం స్టేజి వెనక నేను తిరిగిన తిరుగుడు కొలిస్తే, నడుచుకుంటూ నాలుగొందల కిలోమీటర్ల అవతలి హ్యూస్టన్ వెళ్ళి, భోంచేసి, తిరిగి వచ్చి ఉండేవాణ్ణి. జేబులో నాలుగు పేజీలు. తీస్తాను, చూస్తాను, పెడతాను. ఎవరి గురించి రాశానో ఆ మనిషికి మాత్రం సంగతి తెలియదు. తెలిస్తే రాడు.

ఆయన చేసే పని ఇది. వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం ఊడితే, అరవై రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకుని దేశం విడిచి పోవాలి. ఆ రోజుల్లో ఆయన వాళ్ళింటికి వచ్చి కూర్చుంటాడు. రెజ్యూమే దిద్దుతాడు, తెలిసిన మేనేజర్లకి ఫోన్లు చేస్తాడు. కారు మాత్రం నాలుగు వీధుల అవతల ఆపి నడిచి వస్తాడు. ఆ కారు ఎవరి గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో ఉద్యోగం పోయినట్టేనని ఒకసారి పక్కింటివాళ్ళు కనిపెట్టేశారు మరి. మా ఎండలో నడిచే మనిషిని చూస్తే కుక్కలు కూడా మొరగవు, జాలిపడతాయి.

నా ఉద్యోగం పోయినప్పుడూ అలాగే చెమటలు కక్కుతూ వచ్చాడు. ఓదార్పు లేదు, వేదాంతం లేదు. చెంబెడు నీళ్ళు తాగి, "ఎన్నో రోజు?" అన్నాడు. పదకొండు అన్నాను. అక్కణ్ణుంచి అమెరికన్ మేనేజర్ వేషం కట్టి, "నీ గురించి చెప్పు" అని లక్షసార్లు అడిగాడు. చివరికి నా గురించి నాకే విసుగు పుట్టింది. యాభై రెండో రోజున ఆఫర్ వచ్చింది.

పిల్లల డాన్సులు అయ్యాయి. శాలువా పట్టుకుని నేను మైకు వైపు కదిలేసరికి, రెండు చేతులా మడత కుర్చీలతో ఆయన ఎదురయ్యాడు.

"ఎవలికి తమ్మీ ఆ శాలువా?"

"మీకే అన్నా. నాలుగు పేజీలు రాశాను."

"నాలుగు పేజీలా! నేను సచ్చిపోయిన్నా ఏంది?"

"నలుగురికీ తెలియాలి కదన్నా."

ఆయన కుర్చీలు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "ఈ హాల్ల ఒకాయన ఉన్నడు. నలభై మూడో రోజు నడుస్తున్నది. బిడ్డకు ఇంకా చెప్పలే. ఇప్పుడు డాన్స్ చేసిన పిల్లలల్ల ఆ పిల్ల గూడ ఉన్నది. నువ్వు నా పని మైకుల చెప్పినవనుకో, ఈ నెల నన్ను ఎవలింటికాడ చూసిన్రో అందరికీ యాదికొస్తది. ఇంట్ల సంగతి ఆ పిల్ల స్కూల్ బస్సుల వినాల్నా?"

అప్పటికే మైకులో నన్ను పిలిచేశారు. హాలు నిండా జనం. కాగితాలు జేబులోనే ఉంచి మైకు అందుకున్నాను.

"ఈ ఏడాది మా సన్మానం," అన్నాను, "ప్రతి ఫంక్షన్‌కీ మనకి కుర్చీలు వేసే పెద్దమనిషికి! ఈయన హాల్లో అడుగుపెడితే చాలు, కుర్చీలు భయపడి వాటంతటవే మడుచుకుంటాయి!"

జనం నవ్వారు. ఆయన దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా వచ్చి, తల వంచి శాలువా కప్పించుకున్నాడు.

చప్పట్లు కుర్చీలకి పడాల్సినంతసేపు పడి ఆగాయి. కొన్ని చేతులు మాత్రం ఆగలేదు. వెనక వరుసలో ఒక జత, తలుపు దగ్గర ఒక జత, ఎడమవైపు ఇంకెక్కడో రెండు మూడు. తల ఎత్తితే చాలు, ఆయన ఎవరెవరి ఇంటికి నడిచి వెళ్ళాడో తెలిసిపోతుంది. తల ఎత్తమని మెడ పీకేస్తోంది. మైకు చంకలో ఇరికించుకుని, నేల మీద నుంచి చూపు తిప్పకుండా నేనూ కొడుతూనే ఉన్నాను.