గోపాలప్ప గారి గ్రీకు సైనికులు

నిన్న పొద్దున షాపు షటర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. గోపాలప్ప నంబర్. మామూలుగానే "చెప్పండప్పా" అన్నాను.

మాట్లాడింది వాళ్ల భార్య సరోజమ్మ.

నిద్రలోనే పోయారట. హార్ట్ ఎటాక్.

సగం ఎత్తిన షటర్ దించేసి చింతామణి బస్సెక్కాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. గోపాలప్పకు చింతామణిలో చిన్న డెంటల్ ల్యాబ్. కట్టుడు పళ్లు చేసేవారు. బాగేపల్లిలో ఒక క్లినిక్‌కు పళ్ల సెట్లు ఇవ్వడానికి వస్తుండేవారు. మా హార్డ్‌వేర్ షాపు ఆ దారిలోనే.

మొదటిసారి వచ్చి సన్నటి స్టీల్ వైరు అడిగారు. ప్రతి ముక్కనూ కంటిదగ్గర పెట్టుకుని వంకర ఉందేమో చూశారు. దేనికని అడిగాను.

"ఈటెలకమ్మా" అన్నారు.

జేబులోంచి దగ్గు బిళ్లల డబ్బా తీశారు. లోపల దూదిలో అంగుళం ఎత్తు బొమ్మ. రెండున్నర వేల ఏళ్ల కిందటి గ్రీకు సైనికుడు. ఇలాంటి వాళ్లను టేబుల్ మీద వరుసలు కట్టి, డైస్ వేసి, పాత యుద్ధాలు ఆడే గేమ్ ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

బాక్సులో వచ్చిన ప్లాస్టిక్ ఈటె పొట్టిదట. అదీ ఆయన బాధ.

"మనిషి మీద ఇంకా ఒకటిన్నర మూర లేయాల. కింద కొసకు కంచు మొన ఉండాల. పైన విరిగితే తిప్పి పొడిచేదానికి."

ఆ వైరుతోనే మా స్నేహం మొదలైంది. తర్వాత నాకూ ఆ పిచ్చి అంటించారు.

పళ్లకు వాడే మైనంతో హెల్మెట్ల మీద కుచ్చులు చేసేవారు. డాలు గడ్డం నుంచి మోకాలి దాకా రాకపోతే ఒప్పుకునేవారు కాదు. హెల్మెట్ ఒక కాలానిది, కవచం వందేళ్ల తర్వాతిది అని తెలిస్తే, రంగులన్నీ వేసిన బొమ్మనైనా విప్పేసేవారు.

ఒకసారి బెంగళూరు గ్రూపు వాళ్లు చిక్కబళ్లాపురంలో మాతో ఆడడానికి ఒప్పుకున్నారు. చివరి ఇరవై మందికి ఈటెలు, డాళ్లు అతికించే పని నాది.

అన్నీ రివర్స్‌లో అతికించాను. ఎడమ చేతికి ఈటె, కుడి చేతికి డాలు. నాది ఎడమచేతి వాటం. అదే కరెక్ట్ అనిపించింది.

గేమ్‌కు ముందు రోజు గోపాలప్ప వచ్చి చూశారు. తిట్టలేదు. టీ తాగారు. నాకే కోపమొచ్చింది. ఆ కాలంలో ఎడమచేతి వాళ్లు పుట్టలేదా అని అడిగాను.

చిన్నప్పుడు స్కూల్లో ఆ చేతి మీద తిన్న దెబ్బలన్నీ గుర్తొచ్చి అడిగాననుకుంటా. అదీ చెప్పాను.

ఆయన ఒక బొమ్మను చేతిలోకి తీసుకున్నారు.

"పుట్టింటారమ్మా. కానీ వరసలో నిలబడితే, ఎడమ పక్కోని సగం ఒళ్లు వీని డాలు కిందే ఉంటాది. వీడు డాలు కుడి చేతికి మారిస్తే పక్కోడు పోతాడు."

ఇద్దరం కూర్చుని అన్నీ విప్పి మళ్లీ అతికించాం. పందొమ్మిది మందిని.

ఒకడిని విప్పనివ్వలేదు. చివరి వరుసలో ఎడమ కొసన నిలబెట్టారు. వాడి ఎడమ పక్కన ఎవరూ లేరు.

మర్నాడు బెంగళూరు ప్లేయర్ ఒకాయన దాన్ని పట్టేశాడు. ఒకటి తప్పుందే అన్నాడు. హెల్మెట్ కుచ్చు గురించి గంటసేపు వాదించే గోపాలప్ప, కన్నడలో నింపాదిగా బదులిచ్చారు. తప్పు లేదు, వాడిది ఎడమచేతి వాటం, మా సైన్యంలోనే ఉంటాడు అని.

ఆ రోజు చిత్తుగా ఓడిపోయాం. తిరుగు బస్సులో మాత్రం నాకంటే ఆయనే హుషారు.

నిన్న మధ్యాహ్నం ఇంటి ముందు జనం ఉన్నప్పుడు, కైవారం నుంచి ఒక తాత వచ్చాడు. విషయం తెలియదు. పళ్ల సెట్టు రెడీ అయిందని గోపాలప్ప మొన్న కబురు పెట్టారట.

సంగతి తెలిసి, ఇంకోనాడు వస్తానని వెనక్కి తిరిగాడు. సరోజమ్మ ఏడుస్తూనే లేచి ల్యాబ్‌లోంచి ఆ డబ్బా తెచ్చింది.

"పెట్టుకో తాతా. సరిపోయిందో లేదో ఈయప్ప చూడాల కదా."

తాత గోపాలప్ప పక్కన కూర్చుని పెట్టుకున్నాడు. నోరు రెండుసార్లు మెల్లగా కదిపి చూశాడు.

"బాగుండాదప్పా" అని ఆయనకే చెప్పాడు.

పోయిరండి గోపాలప్పా. అంత ఓపికైన చేతులు మీవి. ఇక అవి నెమ్మదిగా విశ్రాంతి తీసుకోవాలి.